లక్నేపల్లి నుంచి శాసనసభకు: పి.వి. నరసింహారావు రాష్ట్ర రాజకీయ జీవితం, ప్రజా భూముల రక్షణ

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:
• తెలంగాణ గ్రామాల్లో 'ప్రజా భూమి' అనే మాటలో ఇమిడి ఉన్న వేర్వేరు రకాల భూములను గుర్తించగలుగుతారు.
• రాష్ట్ర మంత్రిగా, ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు కాలంలో వచ్చిన భూ చట్టాలను వివరించగలుగుతారు.
• చట్టం చేయడానికి, దాన్ని అమలు చేయడానికి మధ్య ఉన్న దూరం ఎందుకు ఏర్పడిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

పి.వి. నరసింహారావు పేరు వినగానే చాలామందికి 1991 ఆర్థిక సంస్కరణలు గుర్తుకు వస్తాయి. ఆ సంస్కరణలు మార్కెట్‌కు తలుపులు తెరిచాయి. అయితే అదే వ్యక్తి అంతకు 19 ఏళ్ల ముందు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూమి మార్కెట్‌కు తాళం వేయడానికి ప్రయత్నించాడు. వ్యవసాయ భూముల అమ్మకాలను, పట్టణాల్లోని ఖాళీ స్థలాల అమ్మకాలను ఆయన ప్రభుత్వం చట్టం ద్వారా నిలిపివేసింది. ఈ రెండో విషయం చరిత్ర పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఈ పాఠ్యభాగం దానికే పరిమితమవుతుంది.

పి.వి. 1921 జూన్ 28న ప్రస్తుత వరంగల్ జిల్లా నర్సంపేట మండలంలోని లక్నేపల్లిలో జన్మించారు. చిన్నతనంలోనే వంగర గ్రామానికి చెందిన పాములపర్తి కుటుంబానికి దత్తత వెళ్లారు. రెండూ భూములున్న కుటుంబాలే. నిజాం వ్యతిరేక ఉద్యమంలో స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో పనిచేశారు. నాగపూర్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. భూస్వామ్య కుటుంబ నేపథ్యం, న్యాయశాస్త్ర పరిజ్ఞానం, కాంగ్రెస్ రాజకీయం అనే మూడు అంశాలు ఆయన భూ విధానాన్ని అర్థం చేసుకోవడానికి అవసరం.

2. ప్రజా భూమి అంటే ఏమిటి? నర్సంపేట ప్రాంతం ఒక ఉదాహరణ

'ప్రభుత్వ భూమి', 'ప్రజా భూమి' అనే మాటలను వాడుకలో ఒకే అర్థంలో ఉపయోగిస్తారు. చరిత్ర విద్యార్థి మాత్రం వాటిలోని రకాలను విడదీసి చూడాలి. నర్సంపేట చుట్టుపక్కల ఈ రకాలన్నీ కనిపిస్తాయి.

మొదటిది చెరువు భూమి. కాకతీయ గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి నిర్మించిన పాఖాల చెరువు ఈ ప్రాంతానికి ప్రాణాధారం. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే భూమిని శిఖం అంటారు. ఎండాకాలంలో నీరు తగ్గగానే శిఖం బయటపడుతుంది. అక్కడ దుక్కి దున్నడానికి ఎవరికైనా ఆశ కలుగుతుంది. నాలుగు పంటలు తీసిన తర్వాత అది 'నా పొలం' అవుతుంది. తర్వాత నీరు నిండితే పంట మునిగిందన్న ఫిర్యాదు వస్తుంది. తూము ఎత్తి నీళ్లు వదిలేయమన్న ఒత్తిడి పెరుగుతుంది. దానివల్ల నష్టపోయేది చెరువు కింది ఆయకట్టు రైతు.

రెండవది ఉమ్మడి వినియోగ భూమి. పశువులు మేసే బంచరాయి లేదా గైరాన్, వాగులు, బాటలు, శ్మశానాలు ఇందులోకి వస్తాయి. మూడవది అడవి. పాఖాల చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 860 చదరపు కిలోమీటర్లు. నాలుగవది ఏజెన్సీ భూమి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం పాత నర్సంపేట తాలూకాలోని కొన్ని గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలో చేరాయి. ఐదవది దేవాదాయ భూమి. చట్టప్రకారం దాని యజమాని దేవుడు. ప్రభుత్వం సంరక్షకుడు మాత్రమే. చివరిది, ఎవరి ఖాతాలోనూ లేని ఖారిజ్ ఖాతా భూమి. దీన్నుంచే పేదలకు లావణి పట్టాలు ఇచ్చారు.

వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది. వాటిని కాపాడుకునే సొంత యజమాని ఊళ్లో ఉండడు. పట్టా భూమి గట్టు ఒక జానెడు జరిగినా పట్టాదారు తగాదాకు వస్తాడు. బంచరాయి గట్టు పది గజాలు జరిగినా అడిగేవాడు ఉండడు. అందువల్ల ప్రజా భూమికి రక్షణ రెండు చోట్ల నుంచి రావాలి: ఒకటి చట్టం, రెండు రికార్డు.

3. శాసనసభ్యుడు, మంత్రి (1957–1971)

పి.వి. 1957లో మంథని నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1962, 1967, 1972 ఎన్నికల్లోనూ అక్కడి నుంచే గెలిచారు. 1962లో మంత్రి అయ్యారు. 1962–64లో న్యాయ, సమాచార శాఖలు, 1964–67లో న్యాయ, దేవాదాయ శాఖలు, 1967లో వైద్య ఆరోగ్య శాఖ, 1968–71లో విద్యాశాఖ నిర్వహించారు. తెలుగు మాధ్యమంలో ఉన్నత విద్యకు పుస్తకాలు తయారుచేయడానికి తెలుగు అకాడమి 1968లో ఏర్పడింది. అప్పుడు విద్యాశాఖ ఆయన చేతిలోనే ఉంది.

మన అంశానికి సంబంధించి దేవాదాయ శాఖ కాలం ముఖ్యమైనది. 1956లో రాష్ట్రం ఏర్పడినా ఆలయాల ఆస్తులపై రెండు వేర్వేరు చట్టాలు కొనసాగాయి. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు చట్టం, తెలంగాణలో నిజాం కాలపు నిబంధనలు అమల్లో ఉండేవి. ఈ రెండింటి స్థానంలో 1966లో ఆంధ్రప్రదేశ్ ధార్మిక, హిందూ మత సంస్థలు, దేవాదాయాల చట్టం వచ్చింది. ఆలయ స్థిరాస్తిని అమ్మాలన్నా, మార్చుకోవాలన్నా, తాకట్టు పెట్టాలన్నా పై అధికారి అనుమతి ఉండాలని ఈ చట్టం నిర్దేశించింది.

ఇందులోని పద్ధతిని గమనించండి. భూమిని ఎవరి నుంచీ లాక్కోలేదు. ఎవరికీ పంచలేదు. చేతులు మారకుండా ఆపింది, అంతే. ఆరేళ్ల తర్వాత ఇదే పద్ధతి చాలా పెద్ద స్థాయిలో మళ్లీ కనిపిస్తుంది.

ఈ కాలంలోనే మరొక ముఖ్యమైన మార్పు వచ్చింది. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణకు విస్తరించారు. 1970లో దాన్ని సవరించి మరింత కఠినం చేశారు. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం గిరిజనేతరునిదే. పాత నర్సంపేట తాలూకాలోని ఏజెన్సీ గ్రామాలకు ఇది ప్రత్యక్షంగా వర్తించింది. ఇది కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం తెచ్చిన సవరణ. పి.వి. ఆ మంత్రివర్గంలో సభ్యులు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) శిఖం భూమి ఆక్రమణ వల్ల ఆయకట్టు రైతుకు ఎలా నష్టం కలుగుతుంది?
ఆ) 1966 దేవాదాయ చట్టం భూమిని ఏ పద్ధతిలో కాపాడింది?

4. ముఖ్యమంత్రిగా: ముందు నిలుపుదల, తర్వాత కొలత (1971–1973)

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత బ్రహ్మానందరెడ్డి పదవి నుంచి తప్పుకున్నారు. 1971 సెప్టెంబర్ 30న పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి ఆయనే. 1972 మార్చి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ 287 స్థానాల్లో 219 గెలుచుకుంది. ఈ ఎన్నికల్లో పాత భూస్వామ్య కుటుంబాలను పక్కన పెట్టి, వెనుకబడిన వర్గాల వారికి పెద్ద సంఖ్యలో టికెట్లు ఇచ్చారు. ఈ మార్పు భూ సంస్కరణకు కావలసిన సంఖ్యాబలాన్ని ఇచ్చింది. అదే సమయంలో పార్టీలోని పలుకుబడి గల వర్గాన్ని దూరం చేసింది.

అప్పటికే రాష్ట్రంలో ఒక భూ పరిమితి చట్టం ఉంది. 1961 నాటి ఆ చట్టం ప్రకారం నేల తరగతిని బట్టి 27 నుంచి 324 ఎకరాల వరకు ఉంచుకోవచ్చు. అంత పెద్ద పరిమితి ఉన్న చట్టం కింద మిగులు తేలడం అరుదు. కొత్త చట్టం వస్తుందని తెలిస్తే భూస్వాములు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. బంధువుల పేర రాస్తారు, నమ్మకస్తులైన జీతగాళ్ల పేర రాస్తారు, అమ్మినట్లు కాగితాలు పుట్టిస్తారు. అందువల్ల పి.వి. ప్రభుత్వం పరిమితి చట్టం కంటే ముందు నిలుపుదల చట్టాలు తెచ్చింది.

1972లో వరుసగా జరిగిన పరిణామాలు ఇవి:

(అ) పట్టణ స్థలాలు: పట్టణ ఆస్తిపై పరిమితి విధించే చట్టాన్ని పార్లమెంటు చేయాలని కోరుతూ రాష్ట్ర శాసన వ్యవస్థ 1972 ఏప్రిల్‌లో తీర్మానం చేసింది. రాజ్యాంగంలోని 252వ అధికరణం ఇందుకు వీలు కల్పిస్తుంది. ఇలాంటి తీర్మానాల ఆధారంగానే 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. ఈలోగా పట్టణాల్లోని ఖాళీ స్థలాల అన్యాక్రాంతాన్ని నిషేధిస్తూ రాష్ట్రం 1972లో ప్రత్యేక చట్టం చేసింది.

(ఆ) వ్యవసాయ భూములు: వ్యవసాయ భూముల అన్యాక్రాంత నిషేధ చట్టం అదే సంవత్సరం వచ్చింది. 1972 మే నుంచి అమ్మకాలపై ఆంక్షలు మొదలయ్యాయి.

(ఇ) భూ పరిమితి: 1972 జూలైలో ముఖ్యమంత్రుల సమావేశం తర్వాత కేంద్రం జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటికి అనుగుణంగా రాష్ట్ర శాసనసభ అదే సంవత్సరం బిల్లును ఆమోదించింది. ఇదే 1973 నాటి 1వ చట్టం, అంటే ఆంధ్రప్రదేశ్ భూ సంస్కరణల (వ్యవసాయ కమతాల గరిష్ఠ పరిమితి) చట్టం. ఐదుగురు సభ్యుల కుటుంబానికి తరి భూమి అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. 1971 జనవరి 24 తర్వాత చట్టాన్ని తప్పించుకోవడానికి చేసిన బదలాయింపులు చెల్లవు.

(ఈ) అడవులు, వన్యప్రాణులు: 1972 సెప్టెంబర్‌లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా 252వ అధికరణం దారిలోనే వచ్చింది. ఆ చట్టం కావాలని తీర్మానించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాఖాల అభయారణ్యానికి నేటికీ రక్షణ ఇస్తున్నది ఈ చట్టమే.

మిగులు భూమి ప్రభుత్వానికి చేరిన తర్వాత ఏమవుతుందన్నది కూడా చట్టం చెప్పింది. పంచే భూమిలో దాదాపు సగం షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇవ్వాలి. మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు వెనుకబడిన తరగతుల వారికి ఇవ్వాలి. పొందినవారు దాన్ని అమ్ముకోకూడదు. అంటే ఈ భూమి పూర్తిగా ప్రైవేటు ఆస్తి కాదు. సాగుచేసే హక్కు పేదవానిది. చేతులు మారకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిది. ప్రజా భూమిని కాపాడటం, దాన్ని పేదలకు పంచడం పరస్పర విరుద్ధమైనవని కొందరు వాదిస్తారు. ఈ నిబంధన ఆ రెండింటినీ కలపడానికి చేసిన ప్రయత్నం. పి.వి. తన కుటుంబ భూమిలో పరిమితికి మించిన భాగాన్ని కూడా వదులుకున్నారు.

5. పదవీచ్యుతి

1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. ఆ ప్రాంతానికి చెందిన మంత్రులు పలువురు రాజీనామా చేశారు. 1973 జనవరి 10న పి.వి. పదవి వదులుకున్నారు. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది. భూ పరిమితి చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది ఆ నెల 1వ తేదీననే. అంటే చట్టం పుట్టిన పది రోజులకు దాన్ని తెచ్చిన ప్రభుత్వం పోయింది.

భూ సంస్కరణల వల్లనే పి.వి. పదవి పోయిందా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పడం సరికాదు. ముల్కీ సమస్య నిజమైన సమస్య. ఉద్యోగాల విషయంలో కోస్తా యువకుల ఆందోళన కల్పితం కాదు. అయితే ఉద్యమానికి డబ్బు, వాహనాలు, గ్రామాల్లో పలుకుబడి సమకూర్చగలిగిన వర్గానికి భూ పరిమితి చట్టంపై కోపం ఉందన్నదీ వాస్తవమే. టికెట్లు దక్కని నాయకుల అసంతృప్తి వీటికి తోడైంది. ఈ మూడు పాయలు ఒకే సమయంలో కలిశాయని చెప్పడం చారిత్రకంగా సమంజసం. పి.వి. 1998లో ప్రచురించిన 'ది ఇన్‌సైడర్' నవలలో ఒక కల్పిత రాష్ట్రంలోని భూ సంస్కరణల రాజకీయం ప్రధానాంశం. ఆ అనుభవం ఆయనను ఎంతకాలం వెంటాడిందో దాన్నిబట్టి ఊహించవచ్చు. కాని నవలను చారిత్రక సాక్ష్యంగా వాడేటప్పుడు జాగ్రత్త అవసరం.

6. చట్టం, అమలు: మధ్యలో ఏం జరిగింది?

1973 డిసెంబర్‌లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. 1974లో 34వ రాజ్యాంగ సవరణ ద్వారా ఈ చట్టం తొమ్మిదవ షెడ్యూలులో చేరింది. 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆమోదానికి, అమలుకు మధ్య సరిగ్గా రెండేళ్లు గడిచాయి.

నిలుపుదల చట్టం ఉన్నప్పటికీ దానికి మూడు లొసుగులు ఏర్పడ్డాయి.

మొదటిది సాదా బైనామా. తెలంగాణలో తెల్లకాగితంపై రాసుకున్న కొనుగోళ్లు మామూలే. రిజిస్టరు కాని కాగితంపై ఏ తేదీ అయినా వేయవచ్చు. 1972లో రాసి 1968 అని తేదీ వేస్తే నిజం తేల్చవలసింది గ్రామ రికార్డు. ఆ రికార్డు ఉండేది పట్వారీ దగ్గర. పట్వారీ తరచుగా ఊరి దొరకు కావలసినవాడు. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984 వరకు రద్దు కాలేదు.

రెండవది వాంగ్మూలం పద్ధతి. తనకు ఎంత భూమి ఉందో చెప్పవలసింది భూ యజమానే. ఆయన సమర్పించిన లెక్కను భూ సంస్కరణల ట్రిబ్యునల్ పరిశీలిస్తుంది. కౌలుదారు, కూలీ సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాకపోతే పరిశీలన కాగితాలకే పరిమితమవుతుంది.

మూడవది కుటుంబ నిర్వచనం. 1977 సవరణతో, సొంత భూమి లేని మేజరు కుమారుల కోసం అదనపు పరిమితి లభించింది. దానివల్ల పెద్ద కుటుంబాల మిగులు తగ్గింది.

ఫలితంగా రాష్ట్రం మొత్తం మీద సుమారు 8 లక్షల ఎకరాలు మిగులుగా తేలాయి. పంపిణీ అయింది 6 లక్షల ఎకరాల లోపే. మిగిలింది కోర్టు కేసుల్లో, సాగుకు పనికిరాని నేలగా, లేదా కాగితంపై స్వాధీనమై వాస్తవంలో పాత యజమాని చేతిలో ఉండిపోయింది.

అయినా నిలుపుదల పద్ధతి ఆగిపోలేదు. వెంగళరావు ప్రభుత్వం 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం తెచ్చింది. పేదలకు ఇచ్చిన లావణి పట్టా భూమిని కొన్నవారికి హక్కు రాదని, ఆ భూమిని మళ్లీ పేదవానికి అప్పగించాలని అది చెప్పింది. 1966 దేవాదాయ చట్టం, 1972 నిషేధ చట్టాలు, 1977 చట్టం ఒకే వరుసలో నిలుస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) పరిమితి చట్టానికి ముందు నిలుపుదల చట్టాలు ఎందుకు అవసరమయ్యాయి?
ఆ) సాదా బైనామాలు భూ పరిమితిని ఎలా బలహీనపరిచాయి?

7. నర్సంపేట నుంచి మరో స్వరం

లక్నేపల్లిలో పుట్టిన నాయకుడు ముఖ్యమంత్రిగా ఉన్న 1972 శాసనసభలోనే నర్సంపేటకు ప్రాతినిధ్యం వహించింది మద్దికాయల ఓంకార్. ఆ సభకు సి.పి.ఐ.(ఎం) తరఫున గెలిచిన ఏకైక సభ్యుడు ఆయన. తెలంగాణ సాయుధ పోరాట సంప్రదాయం నుంచి వచ్చిన ఓంకార్, 1972 నుంచి 1989 ఎన్నికల వరకు ఐదుసార్లు నర్సంపేట నుంచి గెలిచారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. పి.వి. మార్గం పై నుంచి కిందికి వచ్చేది: చట్టం, ట్రిబ్యునల్, పట్టా. కమ్యూనిస్టు మార్గం కింది నుంచి పైకి పోయేది: సంఘం, సాగు, ఆ తర్వాత పట్టా కోసం పోరాటం. మొదటి మార్గంలో కదిలే ప్రజలు లేకపోతే చట్టం పట్వారీ దస్తరంలో నిద్రపోతుంది. రెండవ మార్గంలో చట్టం అండ లేకపోతే సాగుదారు ఎప్పుడు వెళ్లగొడతారోనన్న భయంతో బతకాలి. పాఖాల చుట్టుపక్కల పోడు సాగుదారుల స్థితి ఈ రెండవ దానికి ఉదాహరణ. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత అటవీ భూమికి పట్టా పొందడం దాదాపు అసాధ్యమైంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా వారి సాగు చట్టం దృష్టిలో ఆక్రమణగానే మిగిలింది.

ఇక్కడొక న్యాయ సమస్య ఉంది. చెరువు శిఖంలో ఇరవై ఎకరాలు కలుపుకున్న పెద్ద రైతును, అడవి అంచున రెండెకరాలు పోడు కొట్టిన కోయ కుటుంబాన్ని 'ఆక్రమణదారు' అనే ఒకే మాటతో పిలవడం సరైనదేనా? ప్రజా భూముల రక్షణ చరిత్రను చదివేటప్పుడు, ఎవరి నుంచి ఎవరి కోసం రక్షణ అనే ప్రశ్న ప్రతిసారీ వేసుకోవాలి.

8. తర్వాతి పరిణామాలు

పి.వి. ప్రధానిగా ఉన్నప్పుడు 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ద్వారా చేరిన పదకొండవ షెడ్యూలులో భూ సంస్కరణల అమలు, నేల సంరక్షణ, చిన్ననీటి వనరులు, సామాజిక ఆస్తుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించదగిన అంశాలుగా ఉన్నాయి. పట్వారీ దస్తరంలో చిక్కుకున్న భూమిని గ్రామసభ ముందు పెట్టే అవకాశాన్ని ఇది కల్పించింది. ఎంత మేరకు అప్పగించాలన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేయడం దాని పరిమితి.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కోసం ఇవ్వరాదని తీర్పు చెప్పింది. దానికి ఆధారం 1970లో కఠినతరం చేసిన భూ బదలాయింపు నిబంధనే. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రాష్ట్రంలో భూ చట్టాల అమలును సమీక్షించిన కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది.

9. సారాంశం

పి.వి. ముఖ్యమంత్రిగా ఉన్నది పదిహేను నెలలకు పైగా మాత్రమే. ఆ కొద్దికాలంలో వ్యవసాయ భూమి, పట్టణ స్థలం విషయంలో 'ముందు చేతులు మారకుండా ఆపు, తర్వాత కొలువు' అనే పద్ధతిని ఆయన ప్రభుత్వం అనుసరించింది. దాని మూలాలు ఆయన నిర్వహించిన దేవాదాయ శాఖ చట్టంలో కనిపిస్తాయి. ఆ పద్ధతి ఆయన తర్వాత కూడా కొనసాగింది. అయితే నిలుపుదల చట్టం బలం రికార్డు బలాన్ని మించదు. రికార్డు రాసేవాడు, దాన్ని చదివి ప్రశ్నించగలిగే గ్రామస్థుడు లేనిచోట చట్టం కాగితంగానే మిగిలింది. లక్ష్యం గొప్పదా కాదా అన్నదానితో పాటు, లెక్క ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని కూడా పరిశీలించినప్పుడే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

10. ముఖ్య పదాలు

అన్యాక్రాంతం: భూమి హక్కు అమ్మకం, దానం, తాకట్టు వంటి వాటి ద్వారా ఇతరులకు పోవడం.
శిఖం: చెరువు నిండినప్పుడు నీరు నిలిచే భూమి.
బంచరాయి: పశువుల మేత కోసం విడిచిన భూమి.
లావణి పట్టా: ప్రభుత్వ భూమిని పేదలకు కేటాయిస్తూ ఇచ్చే పట్టా.
సాదా బైనామా: రిజిస్టరు చేయని, తెల్లకాగితంపై రాసిన కొనుగోలు పత్రం.
తరి, ఖుష్కి: నీటిపారుదల గల భూమి, మెట్ట భూమి.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1972–73లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం చేపట్టిన భూ చట్టాలను వివరించి, వాటి పరిమితులను చర్చించండి.
2. జై ఆంధ్ర ఉద్యమానికి, భూ పరిమితి చట్టానికి గల సంబంధాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దేవాదాయ భూమికి, ప్రభుత్వ భూమికి గల తేడా ఏమిటి?
2. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రాముఖ్యం రాయండి.
3. మీ గ్రామంలోని చెరువు శిఖం లేదా బంచరాయి గతంలో ఎంత ఉండేదో, ఇప్పుడు ఎంత ఉందో పెద్దలను అడిగి, పహాణీ నకలుతో పోల్చి ఒక చిన్న నివేదిక తయారుచేయండి.